థాకరే ఇంటిపేరు పుట్టిన లోయ చూసొచ్చాం

థాకరే అనగానే మనవాళ్ళకి ముంబై గుర్తొస్తుంది. కానీ మా ఆదోని వైపు పాత రెవెన్యూ చరిత్ర కాస్త తిరగేసిన వాళ్ళకి ఇంకో థాకరే కూడా తెలుసు. 1800లో నిజాం దత్తమండలాలని (ఇప్పటి రాయలసీమ, బళ్ళారి వైపు) ఈస్టిండియా కంపెనీకి అప్పజెప్పాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చాడు కదా, ఆయన కింద పనిచేసిన సబ్‌కలెక్టర్లలో విలియం థాకరే ఒకడు, ఆదోని వైపు శిస్తు పని చూసింది ఆయనే. జమీందారు మధ్యలో లేకుండా నేరుగా రైతు పేరు మీదే పట్టా ఉండాలి అనే రైత్వారీ వాదనకి మన్రో తర్వాత గట్టిగా నిలబడిన మనిషి, 1807లో దాని మీద పెద్ద రిపోర్టే రాశాడు, తర్వాత మద్రాస్ రెవెన్యూ బోర్డు దాకా వెళ్ళాడు. ఇంగ్లీష్ నవలాకారుడు విలియం మేక్‌పీస్ థాకరేకి ఈయన సొంత పెదనాన్న. ముంబై వాళ్ళ సంగతి వేరే, వాళ్ళది మరాఠీ ఠాక్రే, బాల్ ఠాక్రే నాన్నగారు కేశవ్ సీతారాం ఈ నవలాకారుడి మీద అభిమానంతో ఇంగ్లీష్‌లో అదే స్పెల్లింగ్ పెట్టుకున్నారని చెప్తారు, అంటే రెండు పేర్లకీ స్పెల్లింగ్ ఒక్కటే చుట్టరికం.

మరి ఆ ఇంగ్లీష్ పేరు ఎక్కడిది అంటే, స్మిత్ టేలర్ లాగా ఊరూరా విడివిడిగా పుట్టిన పేరు కాదు. ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో వాష్‌బర్న్ అనే చిన్న వాగు లోయలో ఒక్క చోట, ఒక్క పల్లెలో పుట్టింది. ఆ పల్లె ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. ఇది చదివినప్పటి నుంచీ వెళ్ళాలని మనసులో పడిపోయింది, ఈ సమ్మర్‌లో లీడ్స్‌లో అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కుదిరింది.

గురువారం, లీడ్స్

బావకి ఆఫీసు ఉంది కాబట్టి అక్కా నేనూ సిటీ బస్సులో వైద్యం చరిత్ర చూపించే థాక్‌రే మ్యూజియంకి వెళ్ళాం. సెయింట్ జేమ్స్ హాస్పిటల్ పక్కనే ఉంటుంది, లీడ్స్‌లో అందరూ ఆ హాస్పిటల్‌ని జిమ్మీస్ అంటారు, అక్క వాళ్ళ చిన్నోడు పుట్టింది కూడా అక్కడేనంట. మ్యూజియం ఉన్న బిల్డింగు 1861 నాటి పేదల వర్క్‌హౌస్. గతిలేని వాళ్ళని తెచ్చి పెట్టి, పని చేయించుకుని తిండి పెట్టే చోటు అన్నమాట. ఎర్ర ఇటుకల గోడలు, ఎత్తు కిటికీలు, బయటి నుంచి చూస్తే మన పాత కలెక్టరాఫీసు లాగా దర్జాగా ఉంటుంది, లోపల ఎంతమంది ఏడ్చారో.

ఇంతకీ ఆ పేరెందుకంటే, చార్లెస్ థాక్‌రే అనే ఆయన 1902లో లీడ్స్‌లో గ్రేట్ జార్జ్ స్ట్రీట్‌లో, పెద్దాసుపత్రికి ఎదురుగా ఉన్న మందుల షాపు కొన్నాడు. ఎదురుగా డాక్టర్లు, ఇటు షాపు, వాళ్ళకి కావాల్సిన కత్తెర్లూ పట్టకార్లూ సప్లై చేస్తా చేస్తా సొంతంగా ఆపరేషన్ సామాన్లు తయారుచేసే పెద్ద కంపెనీ అయింది. జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1960ల్లో తుంటి ఎముక మార్పిడి ఆపరేషన్‌ని దారిలో పెట్టినప్పుడు ఆయన డిజైన్ చేసిన కీళ్ళు తయారుచేసింది ఈ కంపెనీనే. మా అమ్మమ్మకి కర్నూలులో తుంటి మార్చారు, ఆమె మళ్ళీ లేచి నడిచింది, అద్దాల పెట్టెలో ఆ స్టీలు కాడ, దాని పైన గుండ్రటి తల, దానికి తగ్గ తెల్ల ప్లాస్టిక్ గిన్నె చూస్తే నేనూ అక్కా అక్కడే చాలాసేపు నిలబడిపోయాం. కాడ నా బొటనవేలంత లావు, జానెడు పొడవు కూడా లేదు, ఇంత చిన్న వస్తువు మీద మనిషి బరువంతా నిలబడుతుందా అనిపించింది. కంపెనీని 1990లో అమ్మేశారు, మ్యూజియం 1997లో తెరిచారు.

ఇదే పేరుతో ఇంకో డాక్టర్ ఉన్నాడు, స్పెల్లింగ్ మాత్రం థాక్రా. చార్లెస్ టర్నర్ థాక్రా, 1795లో పుట్టాడు, లీడ్స్ మెడికల్ స్కూల్ మొదలుపెట్టిన వాళ్ళలో ఒకడు. ఈయన 1831లో చేసిన పని చూస్తే దండం పెట్టాలి. లీడ్స్‌లో ఏ వృత్తి వాళ్ళకి ఏ జబ్బు వస్తోందో మిల్లులకీ వర్క్‌షాపులకీ వెళ్ళి కనుక్కుని పుస్తకంగా వేశాడు: దర్జీలు వంగి కూర్చుంటే ఏమవుతుంది, కుండల మీద సీసం పూత వేసేవాళ్ళకి ఏమవుతుంది, అవిసె నార మిల్లుల్లో దుమ్ము పీల్చేవాళ్ళ ఊపిరితిత్తులు ఏమవుతాయి, చిన్న పిల్లలని పొద్దున్నుంచి రాత్రిదాకా మిల్లులో నిలబెడితే ఏమవుతుంది. ఇంగ్లండ్‌లో పనివాళ్ళ ఆరోగ్యం గురించి ఇంత వివరంగా రాసింది ఈయనే మొదలు. పాపం 1833లో క్షయతో పోయాడు, నలభై కూడా నిండలేదు. ఆ నార మిల్లు, ఆ పిల్లలు, ఈ మాట గుర్తుపెట్టుకోండి, శనివారం మళ్ళీ వస్తుంది.

థాకరే, థాక్‌రే, థాక్రా, థాక్‌వ్రే, అన్నీ ఒకటే పేరు. చదువురాని రోజుల్లో పాదిరీ చెవికి ఎట్లా వినబడితే అట్లా రాసుకున్నాడు, ఎవరి శాఖకి ఏది పడితే అది నిలిచిపోయింది.

శుక్రవారం, హ్యాంప్స్‌త్వేట్

బావ లీవ్ పెట్టాడు. హారోగేట్ దాటి కారులో కాసేపు వెళ్తే నిడ్ నది ఒడ్డున ఈ ఊరు. కారు లేనివాళ్ళు లీడ్స్ నుంచి 36 నంబర్ బస్సులో హారోగేట్ దాకా వచ్చి అక్కడ మారొచ్చు, 36 డబల్ డెక్కర్ చాలా బాగుంటుంది, పైన ముందు సీటు దొరికితే ఇంక వదలొద్దు.

నవలాకారుడి వంశం ఈ ఊరిదే. ఇక్కడ చిన్నకారు రైతులుగా ఉన్న కుటుంబంలో థామస్ థాకరే 1693లో పుట్టాడు, చదువుకుని పైకొచ్చి 1746లో హారో స్కూలుకి హెడ్‌మాస్టర్ అయ్యాడు. హారో అంటే తర్వాత మన నెహ్రూ చదువుకున్న స్కూలే. ఈయనకి పదహారు మంది పిల్లలు. వాళ్ళలో చిన్నవాడు, మేక్‌పీస్ అనే పేరున్న మొదటి విలియం, 1766లో కంపెనీ ఉద్యోగానికి కలకత్తా ఓడెక్కాడు, సిల్హెట్‌లో ఏనుగులు పట్టించి అమ్మి బాగా గడించి ఇంగ్లండ్ వెనక్కి వెళ్ళిపోయాడు. ఆయన కొడుకులు ఒకరి తర్వాత ఒకరు ఇండియాకి వచ్చారు. ఒకడు మన ఆదోని విలియం. ఒకడు రిచ్‌మండ్, కలకత్తాలో ఉద్యోగం, నవలాకారుడు 1811లో అక్కడే పుట్టాడు, పిల్లాడికి నాలుగేళ్ళప్పుడు తండ్రి పోయాడు. ఇంకొకడు సెయింట్ జాన్ థాకరే, ధార్వాడ్ కలెక్టర్. ఈయన పేరు కన్నడం వచ్చిన ప్రతి ఆదోని మనిషికీ తెలుసు, 1824 అక్టోబర్‌లో కిత్తూరు రాణి చెన్నమ్మ కోట మీదికి సైన్యంతో పోయి ఆమె సేన చేతిలో చచ్చిపోయిన థాకరే ఈయనే. మా ఇంటి పక్కన ఉండే బళ్ళారి అవ్వ ఒకామె చెన్నమ్మ పాట పాడేటప్పుడు థాకరే దొర అని వచ్చేది, ఆ థాకరే ఈ మూడు వీధుల ఊరి వంశం వాడని అనుకుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఆదోనిలో రైతుకి పట్టా ఉండాలన్న థాకరే, కిత్తూరులో రాణికి దత్తత హక్కు లేదని తుపాకీ పట్టుకెళ్ళిన థాకరే, తోడబుట్టిన అన్నదమ్ములు. ఇద్దరినీ ఒకే త్రాసులో వెయ్యడం నా వల్ల కాదు. పట్టా అన్నది కూడా శిస్తు సరిగ్గా రాబట్టుకోడానికే అన్నది నిజమే, ఐనా రైతుని మనిషిగా లెక్కపెట్టిన కాగితం అది, అందుకే ఆ విలియం మీద నాకు గౌరవం.

సెయింట్ థామస్ బెకెట్ చర్చి ఊరి చివర్లో ఉంది. సమాధుల మధ్య తిరిగాం, వాన పడి ఆగింది, గడ్డి తడి. ఇక్కడి రాయి మిల్‌స్టోన్ గ్రిట్ అని గరుగ్గా నల్లగా ఉంటుంది, అక్షరాలు అరిగిపోయి పైన పసుపుపచ్చ నాచు పట్టేసింది, కంటితో చూస్తే ఏం కనపడలా. బావ ఫోన్ టార్చి వేసి పక్క నుంచి ఏటవాలుగా పట్టాడు, నీడలు పడి అక్షరాలు లేచొచ్చాయి, మొదట టి, తర్వాత హెచ్, ఎ, సి, కె, ఆ తర్వాత డబ్ల్యూ కనపడగానే ‘ఇది థాక్‌వ్రే బామ్మర్దీ, పాత స్పెల్లింగ్’ అని బావ అరిచినంత పని చేశాడు. సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకేం పట్టని మనిషి, ఆ సాయంత్రం దాకా రాళ్ళు వెతుకుతానే ఉన్నాడు.

శనివారం, టింబుల్, ఫ్యూస్టన్

అసలు చోటు ఇదే. ఓట్లీ దాటాక రోడ్డు సన్నబడిపోతుంది, రెండు పక్కలా రాతి గోడలు, ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. గ్రేట్ టింబుల్ అంటే పేరుకి గ్రేట్ గానీ ఒకటే వీధి, ఒక పబ్బు, కాసిని రాతి ఇళ్ళు, ఒక చిన్న లైబ్రరీ. ఈ లైబ్రరీ రాబిన్సన్ గిల్ అని ఇక్కడి నుంచి అమెరికా వెళ్ళి సంపాదించిన ఆయన సొంతూరికి కట్టించి ఇచ్చింది, ఇంత చిన్న పల్లెకి లైబ్రరీ అంటే ముచ్చటేసింది.

ఈ టింబుల్ శివారులోనే లోయ అడుగున థాక్‌రే అనే పల్లె ఉండేది. ఆ మాట వైకింగుల (నార్వే, డెన్మార్క్ వైపు నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు) భాషది. థాక్ అంటే ఇంటి కప్పుకి వేసే గడ్డి, వ్రా అంటే మూల, మడత లాంటి చోటు. కప్పుగడ్డి దొరికే మూల అన్నమాట. తొమ్మిది, పది శతాబ్దాల్లో వైకింగులు ఈ యార్క్‌షైర్ అంతా వచ్చి స్థిరపడ్డారు, ఫ్యూస్టన్, హ్యాంప్స్‌త్వేట్ ఇవన్నీ వాళ్ళ భాష ముద్ర పడిన పేర్లే. పదమూడు, పద్నాలుగు శతాబ్దాల్లో ఇంగ్లండ్‌లో మామూలు జనానికి ఇంటిపేర్లు స్థిరపడుతున్నప్పుడు ఈ మూలలో ఉండేవాడిని ఫలానా థాక్‌వ్రా వాడు అన్నారు. 1379లో రాజు తలపన్ను వేశాడు, పదహారేళ్ళు దాటిన మామూలు మనిషికి నాలుగు పెన్నీలు, పెళ్ళైన జంటకి కలిపి అదే నాలుగు. ఆ పన్ను లిస్టుల్లో థాక్‌వ్రా పేరు అప్పటికే ఎక్కింది. పన్నుకోసం రాసుకున్న కాగితమే ఇప్పుడు ఆ పేరుకి ఆధారం, మన దగ్గరా కైఫీయతులూ శిస్తు లెక్కలూ లేకపోతే చాలా ఊళ్ళ చరిత్ర మనకి దక్కేది కాదు.

ఫ్యూస్టన్ ఆనకట్ట మీదే రోడ్డు ఉంది, దాని మీద కారు ఆపకూడదు, అటు పక్క పార్కింగ్‌లో పెట్టి నడిచాం. పైన ఫ్యూస్టన్ రిజర్వాయర్, కింద దానికి ఆనుకునే స్విన్‌స్టీ రిజర్వాయర్. లీడ్స్‌లో మిల్లులు పెరిగి జనం పెరిగి నది నీళ్ళు తాగలేని స్థితికి వచ్చాక 1867లో చట్టం చేసి ఈ లోయ తీసుకున్నారు. ఇంకాస్త కింద ఉన్న లిండ్లీ వుడ్ 1875కి, స్విన్‌స్టీ 1878కి, ఫ్యూస్టన్ 1879కి పూర్తయ్యాయి. థాక్‌రే పల్లె ఈ ఫ్యూస్టన్ నీళ్ళలో మునిగింది. ఈ లోయ వాళ్ళు తరతరాలుగా పని కోసం లీడ్స్ వెళ్ళిపోయారు, తర్వాత లోయ నీళ్ళు కూడా పైపుల్లో లీడ్స్‌కే వెళ్ళాయి, మ్యూజియం పెట్టిన థాక్‌రే వాళ్ళూ, ఈ నీళ్ళూ ఇక్కడివే. అక్కకి ఈ సంగతి చెప్తే ‘అంటే మనం రోజూ తాగేది ఇదా’ అని వంగి చేత్తో నీళ్ళు తీసుకుని చూసింది. పీట్ మట్టి వల్ల టీ డికాషన్ పల్చగా చేస్తే వచ్చే రంగులో ఉన్నాయి.

రిజర్వాయర్ చుట్టూ కాలిబాట ఉంది, తాపీగా నడిస్తే రెండు గంటలు పట్టింది. ఎక్కువ భాగం పైన్ చెట్లు, తర్వాత వేసినవి. ఎండలకి నీళ్ళు కొంచెం దిగి ఉన్నాయి, టింబుల్ వైపు ఒడ్డున ఒక పొలం గోడ నేరుగా నీళ్ళలోకి దిగిపోతా ఉంది, రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చిందే, సున్నం లేదు సిమెంటు లేదు, నీళ్ళలో పది పదిహేను అడుగులు కనపడి తర్వాత లేదు. దాని పక్కన బురదలో తుంగ లాంటి గడ్డి, గుండ్రటి కాడలు, ఒకటి తెంపి గోరుతో చీలిస్తే లోపల తెల్లటి దూది లాంటి బెండు. ఇది రష్ అంట, పాతకాలంలో పేదవాళ్ళ ఇళ్ళ కప్పులకి వాడిన వాటిల్లో ఇదీ ఒకటి. ఏ గడ్డి పేరు మీద ఒక ఇంటిపేరు పుట్టి సముద్రాలు దాటి ఆదోని దాకా వచ్చిందో అలాంటి గడ్డి ఇంకా అక్కడే మొలుస్తోంది.

బావ వాళ్ళ అమ్మమ్మగారి ఊరు శ్రీశైలం డ్యాంలో పోయింది. 1981లో నీళ్ళు నింపినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ రెండు పక్కలా వంద దాకా ఊళ్ళు ఖాళీ చేయించారు, వాళ్ళ ఇంటిపేరు ఆ ఊరిపేరే, మన ఇంటిపేర్లు చాలామటుకు ఊరిపేర్లే కదా. ఇప్పుడు ఊరు లేదు, వెడ్డింగ్ కార్డు మీద పేరు ఉంది. ఇక్కడ పెద్ద బోర్డు మీద రిజర్వాయర్ చరిత్ర, పక్షుల బొమ్మలు అన్నీ ఉన్నాయి. బావ అది మొత్తం చదివి, మన దగ్గర మునిగిన ఊళ్ళ పేర్లు వరసగా రాసి శ్రీశైలం డ్యాం దగ్గర ఒక బోర్డు పెడితే ఎంత బాగుంటుంది అన్నాడు. నిజంగా పెట్టాలి, పెద్ద ఖర్చేం కాదు, ఆ ఊళ్ళలో పుట్టినవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళు ఉండగానే పెట్టాలి.

మధ్యాహ్నం ఫ్యూస్టన్ చర్చికి వెళ్ళాం. 1696లో కాలిపోతే మరుసటి ఏడు మళ్ళీ కట్టారు, టవర్ మాత్రం అంతకుముందుదే. పక్కనే వాష్‌బర్న్ హెరిటేజ్ సెంటర్ ఉంది, వాలంటీర్లు నడిపే టీ రూము కూడా, స్కోన్లు బాగున్నాయి. ఈ సెంటర్ కట్టేటప్పుడు తవ్వితే 154 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. పరీక్ష చేస్తే చాలామంది ఎనిమిది నుంచి ఇరవై ఏళ్ళ మధ్య పిల్లలు, ఎదుగుదల ఆగిపోయిన ఎముకలు, రికెట్స్, క్షయ, దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల జబ్బు గుర్తులు. పళ్ళల్లోని రసాయనాలు చూస్తే ఈ పిల్లలు ఈ ప్రాంతంలో పుట్టినవాళ్ళు కాదు. కొంచెం పైన బ్లబ్బర్‌హౌసెస్ దగ్గర వెస్ట్ హౌస్ మిల్లు అని నార మిల్లు ఉండేది, లండన్ లాంటి చోట్ల వర్క్‌హౌసుల నుంచి అనాథ పిల్లలని జీతం లేకుండా అప్రెంటిస్‌లుగా తెచ్చి ఇక్కడ పనిలో పెట్టారు, చనిపోయినవాళ్ళని ఈ చర్చి పక్కన పూడ్చారు. 2016లో వాళ్ళందరినీ మళ్ళీ గౌరవంగా ఖననం చేశారు. లీడ్స్‌లో డాక్టర్ థాక్రా నార దుమ్ము గురించి, మిల్లు పిల్లల గురించి గొంతెత్తి రాశాడని చెప్పా కదా, ఆయన ఇంటిపేరు పుట్టిన లోయలోనే అదే పని చేసి పిల్లలు చచ్చిపోతున్నారు. ఏడు వందల ఏళ్ళ నాటి థాక్‌వ్రా పేరు నేను వెతికి పట్టుకోగలిగాను, రెండు వందల ఏళ్ళ కిందటి ఈ పిల్లల్లో ఏ ఎముక ఏ పేరుదో చెప్పే రాయి లేదు. అక్క అక్కడ ఎక్కువసేపు ఉండలేకపోయింది, కారు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆదివారం, థ్రస్‌క్రాస్, నేర్స్‌బరో

పొద్దున్నే ఏ59 రోడ్డు మీద వెళ్తుంటే మెన్విత్ హిల్ తెల్ల గుండ్లు కనపడ్డాయి, అమెరికా వాళ్ళ నిఘా స్టేషన్. లోయ పై చివర థ్రస్‌క్రాస్ రిజర్వాయర్ 1966లో కట్టారు, వెస్ట్ ఎండ్ అనే ఊరు దాని కింద ఉంది, బాగా కరువొచ్చిన ఏళ్ళలో గోడలూ వంతెనా బయటికొస్తాయి, వేసవిలో మన సంగమేశ్వరం గుడి తేలినట్టే. మేం వెళ్ళినప్పుడు నీళ్ళు నిండుగానే ఉన్నాయి, గాలి విపరీతం, పది నిమిషాల్లో బయల్దేరిపోయాం.

నేర్స్‌బరో మాత్రం తప్పకుండా చూడాల్సిన ఊరు. నది మీద రైల్వే వంతెన, కొండ మీద విరిగిన కోట, ఫోటోల్లో అందరూ చూసేదే. నేను వెళ్ళింది కోట ఆవరణలో ఉన్న పాత కోర్టు కోసం. టింబుల్, ఫ్యూస్టన్, హ్యాంప్స్‌త్వేట్ అన్నీ ఒకప్పుడు నేర్స్‌బరో అడవి అనే ఇంగ్లండ్ రాజుగారి అడవి కిందికి వచ్చేవి, అడవి అంటే చెట్లే అని కాదు, రాజు వేట హక్కులుండే ప్రాంతం అంతా. ఆ ప్రాంతంలో భూమి చేతులు మారినా, వీలునామా రాసినా ఇక్కడి కోర్టులో రాయించాల్సిందే, పదహారో శతాబ్దం నుంచీ వీలునామాలు దొరుకుతాయి. టింబుల్ మూలలో పుట్టిన పేరు కొండ దాటి హ్యాంప్స్‌త్వేట్‌కి ఎట్లా చేరిందో ఇక్కడ నిలబడితే సులువుగా అర్థమవుతుంది, రెండూ ఒకే కోర్టు కింద, ఒకే సంత చుట్టూ తిరిగే ఊళ్ళు, పెళ్ళిళ్ళు, కౌలు పొలాలు, అంతే, పెద్ద వలస ఏం కాదు. అక్కడి నుంచి ఒక్క కుర్రాడు చదువుకుని పైకి రావడంతో పేరు హారోకీ, అక్కడి నుంచి కలకత్తాకీ ఆదోనికీ వెళ్ళిపోయింది.

ఎవరైనా వెళ్ళాలనుకుంటే శనివారం గానీ ఆదివారం గానీ పెట్టుకోండి, హెరిటేజ్ సెంటర్ టీ రూము వారాంతాల్లో తెరిచే అవకాశం ఎక్కువ, వెళ్ళేముందు ఒకసారి చూసుకోండి. టింబుల్‌కి బస్సు నమ్ముకోవద్దు, కారు కావాలి. వాటర్‌ప్రూఫ్ బూట్లు లేకపోతే ఒడ్డు దగ్గరికి దిగలేరు. నాకు ఇప్పుడు మిగిలింది రెండో వైపు పని, చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో దత్తమండలాల కాగితాలు చూడాలి, విలియం థాకరే ఆదోని ఊళ్ళ గురించి రాసిన ఉత్తరాలు ఏమున్నాయో వెతకాలి. దసరా సెలవుల తర్వాత పర్మిషన్‌కి అప్లై చేస్తున్నా, ఆదోని, పత్తికొండ, ఆలూరు వైపు వాళ్ళు ఎవరైనా కలిసి వస్తానంటే చెప్పండి, పాత మోడీ లిపి (ఒకప్పటి మరాఠీ గొలుసుకట్టు రాత) చదవగలిగినవాళ్ళు ఉంటే మరీ మంచిది.